మొహమాటానికి కోసిన పూలు

ఖాజా మొహిద్దీన్‌కు షుగరు లేదు, బీపీ లేదు. ఉన్న జబ్బల్లా మొహమాటం. కోట ఊళ్లో పాతికేళ్లకు పైగా ఆడవాళ్ల జాకెట్లు కుట్టి బతుకుతున్నవాడికి ఈ జబ్బు ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. ఎదురింటి అంకాలమ్మ జాకెట్టు బిగుతైందంటే కొలత తప్పు తనదేనని ఒప్పుకుని వదులు చేసి ఇచ్చేవాడు. ఆర్నెల్లకు మళ్లీ బిగుతైందని తెస్తే మళ్లీ ఒప్పుకునేవాడు. ఎవరింట్లోనైనా వంకాయ కూర వడ్డిస్తే, తనకు వంకాయ పడదని చెప్పలేక తినేవాడు. బాగుందని కూడా అనేవాడు. వాళ్లు సంతోషించి రెండోసారి వడ్డిస్తే అదీ తిని, ఇంటికొచ్చి దద్దుర్లు గోక్కుంటూ కూర్చునేవాడు.

అలాంటి మనిషి ఆ శుక్రవారం ఉదయానికి చాలా మామూలు పథకం వేసుకున్నాడు. నమాజు చేసుకుని, చాయ్ తాగి, పెరట్లో కొత్తగా విచ్చిన నాభి పూలకు పుప్పొడి అద్ది, చేతులు సబ్బుతో కడుక్కుని, అంగడి తెరవాలి. అంతకు మించి ఆ పూట అతడు అల్లాను ఏమీ అడగలేదు.

నాభి తీగ ఆ ఇసుక నేలలకు కొత్తదేమీ కాదు. ఊరి బయట సరుగుడు తోటల అంచున, గడ్డి మైదానాల్లో, వానలు పడగానే తనంతట తానే మొలిచేది. ఆకు కొసను దారంలా చుట్టి దొరికిన కొమ్మనల్లా పట్టుకుని పైకి పాకేది. పువ్వు విచ్చినప్పుడు పసుపు, రెండు మూడు రోజులకు నిప్పుల ఎరుపు. అగ్నిశిఖ అని పుస్తకాల్లో పేరు. అందం ఎంతో విషమూ అంతే. గడ్డ మరీ విషం. పిల్లలు దాని దగ్గరికి పోతే పెద్దవాళ్లు వీపు మీద ఒకటిచ్చి లాక్కొచ్చేవారు.

అలాంటి తీగను ఖాజా కోరి పెంచడానికి కారణం సెల్వరాజు. తమిళనాడులో వేదారణ్యం వైపు నుంచి వచ్చే గింజల వ్యాపారి అతడు. కిందటేడు చొక్కా గుండీ కుట్టించుకోవడానికి ఖాజా అంగట్లో ఆగి, వెనక కంచె మీద పూసిన నాభి తీగ చూసి నిలబడిపోయాడు. తమ వైపు రైతులు దీన్ని పందిళ్లు వేసి పండిస్తారనీ, గింజలు మందుల కంపెనీలకు పోతాయనీ చెప్పాడు. ఒక గోతం నిండా విత్తనపు గడ్డలు పంపించి, "బాగా పండిస్తే ఈ పక్కంతా నువ్వే నా మనిషివి" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఖాజా పెరడంతా దున్ని, తీగ పాకడానికి స్తంభాలు పాతి ఇనుప తీగెలు కట్టాడు.

ఆ మాట నిలబడకపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు. రెడీమేడ్ జాకెట్లొచ్చి కుట్టుపని పడిపోయింది. తడ దగ్గర ఒక బట్టల కంపెనీలో ఉద్యోగం చూసి పెట్టానని బంధువొకాయన చెప్పాడు. వచ్చే నెల చేరాలి. అక్కడే గదిలో పదిమందితో పాటు ఉండాలి, నెలకొకసారి ఇంటికి రావాలి. ఈ వయసులో సూపర్‌వైజరు చేత మాటలు పడటం ఖాజాకు భయం. అతడు లేని ఇంట్లో ఒక్కతే చాయ్ పెట్టుకోవడం నూర్జాన్‌కు అంతకంటే భయం. ఆదివారం సెల్వరాజు పంట చూడటానికి వస్తున్నాడు. పూతా పిందే బాగుంటే ఖాజా ఇంట్లో ఉంటాడు. లేకపోతే తడ పోతాడు.

పెరట్లోకి వెళ్లిన ఖాజా చేతిలో నూర్జాన్ పాత సుర్మా పుల్ల ఉంది. కళ్లకు వాడటం మానేసిన ఆ పుల్ల కొసకు దూది చుట్టి, ఒక పువ్వు పుప్పొడి తీసి ఇంకో పువ్వు కీలానికి అద్దుతాడు. నాభి పువ్వులో కీలం కేసరాలకు ఎడంగా, అలిగిన కోడలిలా పక్కకు తిరిగి ఉంటుంది. మనిషి కల్పించుకుంటేనే కాయలు నిండుగా కడతాయి. ఖాజా బిస్మిల్లా అనుకుని మొదటి వరుస దగ్గర వంగి చూశాడు. నిన్న అద్దిన పూలు లేవు. కొత్తగా విచ్చినవీ లేవు. నీటుగా తుంచిన తొడిమలు మాత్రం ఉన్నాయి.

"మళ్లీనా?" అంది వెనకనుంచి నూర్జాన్.

"మళ్లీనే."

దొంగ ఎవరని వెతకాల్సిన పని లేదు. పక్కింటి రంగనాయకులు. పొలం కొడుక్కి అప్పజెప్పి పూజాపునస్కారాల్లో పడిన పెద్దమనిషి. కార్తీకమాసం మొదలైన రోజు తెల్లవారుజామున కంచె అవతల దోటి పట్టుకుని నిలబడి ఉంటే ఖాజా చూశాడు. చూసి ఊరుకుంటే సరిపోయేది. కానీ పెద్దాయన తనను చూసి ఎక్కడ సిగ్గుపడతాడో అని ఖాజాకే సిగ్గేసింది. "రంగన్నా, కోసుకో నా. మా పూలు మీ దేవుడి కాడికి పోతే మాకు సంతోషమే కదా" అనేశాడు. రంగనాయకులు రెండు పూలు కోసుకున్నాడు. రెండే కోసుకుంటే తాను పిసినారిలా కనపడ్డానేమోనని ఖాజాకు అనుమానం వచ్చింది. "రెండేనా? మొహమాటపడొద్దు నా, అన్నీ కోసుకో" అన్నాడు. ఆ రోజు నుంచి రంగనాయకులు మొహమాటపడలేదు. దోటికి అందనంత ఎత్తులో ఉన్న పూలే నాలుగు కాయలయ్యాయి.

"పోయి చెప్పు. కాయలు కావాలి, పూలు కోయొద్దు నా అని చెప్పు. రెండు మాటలు. నోరేం అరిగిపోదు" అంది నూర్జాన్.

"దేవుడికి కోసుకుంటున్నాడు. అదీ పుణ్యమాసంలో. సాయిబు వద్దన్నాడంటే ఏమనుకుంటాడు?"

"ఆయన దేవుడికి మందారాలు పనికిరావా?"

"గడ్డలేసినప్పుడు మన మోటరు కాలిపోతే ఆయన బోరు నుంచి పైపు లాగి నీళ్లిచ్చినాడు. ఆ నీళ్లతో పూసిన పూలు ఆయన్నే కోయొద్దని ఏ నోటితో చెప్పేది?"

"అయితే సంచి సర్దేదా? తడకి ఎన్ని లుంగీలు పెట్టమంటావు?" అని నూర్జాన్ లోపలికి వెళ్లిపోయింది.

చెప్పకుండా చెప్పే మార్గం కోసం అతడు ఆ పూటంతా అంగట్లో ఆలోచించాడు. మధ్యాహ్నానికి ఉపాయం తట్టింది. చీరల అట్టపెట్టె ఒకటి కోసి, దాని మీద నల్ల రంగుతో, "ఈ తీగలు విషం. తాకరాదు" అని రాశాడు. ఇది ఎవరినీ ఉద్దేశించింది కాదు. ఎవరి మనసూ నొప్పించేది కాదు. పైగా నిజం. కింద పుర్రె బొమ్మ కూడా వేశాడు. వేసింది టైలరు కాబట్టి అది గుండ్రంగా, ముద్దుగా, పళ్లూడిన తాతలా నవ్వుతూ వచ్చింది. సాయంత్రం ఆ అట్టను వీధిలోకి కనపడేలా కంచెకు కట్టాడు.

శనివారం తెల్లారి చూస్తే ఒక్క పువ్వూ పోలేదు. తీగ పొడవునా కొత్తగా విచ్చిన పూలు పసుపుపచ్చగా వెలుగుతున్నాయి. ఖాజాకు పట్టలేనంత సంతోషమేసింది. సుర్మా పుల్లతో వరుసంతా అద్దుకుంటూ పోయి, చివరి పువ్వు దగ్గరికి వచ్చేసరికి పక్కింట్లో గోల వినిపించి, వెళ్లి వాళ్ల గడపలో నిలబడ్డాడు.

వీధిలోని ఆడవాళ్లంతా రంగనాయకులు వరండాలో ఉన్నారు. ముందు అంకాలమ్మ. ఆ నెలంతా సోమవారం సోమవారం రంగనాయకులు ఇంట్లో పూజకు పోయి తీర్థం పుచ్చుకున్నవాళ్లు వీళ్లు. రంగనాయకులు రోజూ ఆ పూలు కోయడం వాళ్లు చూశారు. ఇప్పుడు అట్ట మీది రాత చూశారు. ఆ రెండూ కలిపి చూసుకున్నాక కడుపునొప్పి రాని మనిషి లేదు.

"నెల్రోజుల్నుంచి విషం తాగించినావు కదయ్యా. మొన్నట్నుంచి నాకు ఇక్కడ పట్టేసినట్టుండాది" అని అంకాలమ్మ పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుంది.

"నాకు కళ్లు తిరగతా ఉండాయి" అంది ఇంకొకామె.

రంగనాయకులు కుర్చీలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. "ఏం కాదమ్మా. నేను చెప్తుండా కదా. తీర్థంలో ఏం లేదు" అన్నాడు.

"పూలు పెట్టిన నీళ్లే కదా తీర్థం."

"ఏం కాదంటుంటే."

"ఎందుకు కాదో చెప్పు."

రంగనాయకులు భార్య కామాక్షమ్మ వైపు చూశాడు. కామాక్షమ్మ గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. విషం అప్పుడే తలకెక్కిందనీ, అందుకే మొగుడూ పెళ్లాలు బెల్లం కొట్టిన రాయిల్లా ఉన్నారనీ వరండా అంతా నిర్ణయించుకుంది. ఎవరో పోయి వీధి చివర ఉండే నర్సు రెబెక్కమ్మను పిలుచుకొచ్చారు. ఆమె అందరి నాడీ చూసి, నాలుకలు చూసి, కడుపులు నొక్కి చూసింది.

"అంతా బాగానే ఉండారు. అంకాలమ్మా, నీకు పట్టేసింది ఎముక కాదు, జాకెట్టు" అంది.

అయినా భయం పోలేదు. చూస్తే అందరి కళ్లూ ఖాజా మీదే ఉన్నాయి. ఇంత విషం పెరట్లో ఎందుకు పెట్టినావని అడిగారు. పీకెయ్యమన్నారు. పంచాయతీకి చెబుతామన్నారు. ఖాజా గడపలోనే నిలబడి, అందరినీ శాంతపరచాలనే మంచి ఉద్దేశంతో నోరు తెరిచాడు.

"అమ్మా, మీరంతా నా అక్కచెల్లెళ్లు. విషం పెంచి మీకు చెరుపు చేస్తానా? ఇది మందు కోసమమ్మా. దీని గింజలు కంపెనీకి పోతాయి. కీళ్లనొప్పులకు, మోకాళ్లనొప్పులకు వాడే మందుల్లో ఇదే వేస్తారంట."

పక్కటెముకల మీది చేతులు మెల్లగా మోకాళ్ల మీదికి దిగాయి. "అట్టనా?" అంది అంకాలమ్మ. "నెల్రోజుల్నుంచి నాకు మెట్లెక్కేటప్పుడు తేలిగ్గా ఉండే మాట నిజమే" అంది ఇంకొకామె, కళ్లు తిరగడం మరిచిపోయి. కంపెనీవాళ్లు ఏవేవో చేసి, రవ్వంత తీసి వాడతారని ఖాజా చెబుతూనే ఉన్నాడు. ఆ భాగం ఎవరి చెవిలోనూ పడలేదు. ఆడవాళ్లు అతన్ని దీవించి మరీ ఇళ్లకు వెళ్లారు. గండం గట్టెక్కిందని ఖాజా చెమట తుడుచుకున్నాడు.

"నువ్వు విషమని చెప్పినప్పుడే బాగుండె" అంది నూర్జాన్ విన్నాక. ఆమెకు ఊరివాళ్ల మోకాళ్ల సంగతి బాగా తెలుసు.

ఆదివారం తెల్లవారుజామున ఖాజా నమాజుకు లేచేసరికి పెరట్లో చప్పుడైంది. తలుపు తీసి చూసి నోరు తెరిచాడు. కింద కూర్చుంటే లేవలేము, లేస్తే నడవలేము అని ఏళ్ల తరబడి చెప్పుకుంటున్న ముసలివాళ్లంతా కంచె దూకి లోపల ఉన్నారు. పోలేరయ్య అయితే చేతికర్ర బయటే పెట్టి, స్తంభమెక్కి, ఆ పైన మిగిలిన నాలుగు కాయలూ తుంచుతున్నాడు. అంకాలమ్మ కొంగు నిండా పూలున్నాయి. ఖాజాను చూసి అందరూ సంతోషంగా పలకరించారు. అడక్కుండా వచ్చామని ఒకరిద్దరు నొచ్చుకున్నారు కూడా.

"పరవాలేదు, పరవాలేదు" అన్నాడు ఖాజా. అలవాటు.

వాళ్లు వెళ్లిపోయాక పెరడు చూస్తే పందిరి తీసేసిన పెళ్లిల్లులా ఉంది. పువ్వు లేదు, కాయ లేదు. ఆకు కూడా సగం పోయింది. ఖాజా తిన్నె మీద కూలబడ్డాడు. నూర్జాన్ పక్కన కూర్చుంది. తడలో గది ఎలా ఉంటుందో, అక్కడ వంట ఎవరు చేస్తారో ఇద్దరూ మనసులోనే అనుకున్నారు. ఇద్దరికీ ఏడుపొచ్చింది. అంతలో గాలికి పక్క ఇళ్ల నుంచి కట్టెల పొగ వాసన వచ్చింది. నూర్జాన్ చటుక్కున తల ఎత్తింది.

"వాళ్లు అవి ఏం చేస్తారు?" అంది.

"కషాయం" అన్నాడు ఖాజా. ఆ మాట అన్నాక గానీ అతనికి అర్థం కాలేదు. "నూర్జాన్, ఒక్క గ్లాసు తాగినా మనిషి దక్కడు."

లుంగీ ఎగ్గట్టి వీధిలోకి పరిగెత్తాడు. ఎదురింట్లోకి దూరి, అంకాలమ్మ పొయ్యి మీది గిన్నెను కాలితో తన్నాడు. నీళ్లు పొయ్యిలో పడి బుస్సుమన్నాయి. అంకాలమ్మ అరిచిన అరుపుకు జవాబు చెప్పడానికి కూడా ఆగలేదు. కానీ వీధి పొడుగునా ఇళ్లు, ప్రతి ఇంట్లోనూ మోకాళ్లు. ఇంటింటికీ తిరిగితే ఏదో ఒక ఇంట్లో గ్లాసు పెదవి దాకా వెళ్లిపోతుంది. రెబెక్కమ్మను లేపమని నూర్జాన్‌కు చెప్పి, అతడు మసీదు వైపు పరిగెత్తాడు. పిల్లలు తప్పిపోయినా, మంచినీళ్ల ట్యాంకరు వచ్చినా ఆ మైకులోనే చెబుతారు. ఇమాము సాహెబు ఏమిటని అడిగేలోపు ఖాజా మైకు అందుకున్నాడు.

"అందరూ వినండి. నేను టైలరు ఖాజాను. నా పెరట్లోంచి తెచ్చుకున్నది ఏదీ నోట్లో పెట్టొద్దండి. పువ్వుగానీ, ఆకుగానీ, కాయగానీ. అది విషం. తాగితే ప్రాణం పోతుంది. మోకాళ్లు తగ్గవు, మనుషులే ఉండరు. పోలేరయ్యా, గిన్నె దించు. దించినావా? దించు."

ఊపిరి కోసం ఆగాడు. చెప్పాల్సింది అయిపోయింది. మైకు పక్కన పెట్టేస్తే సరిపోయేది. కానీ పాతికేళ్లుగా మింగినదంతా ఒక్కసారి దారి దొరికించుకుని గొంతులోకి వచ్చేసింది. మైకు ఆపడం అతని చేతిలో లేకపోయింది.

"రంగన్నా, నువ్వు కూడా వినుకో. నా పూలు కోయొద్దు నా. నాకు ఇష్టం లేదు. మొదట్నుంచి ఇష్టం లేదు. నాకు కాయలు కావాలి. అంకాలమ్మా, నీ జాకెట్టు నేను సరిగ్గానే కుట్టినా. ఎన్నిసార్లు కుట్టినా సరిగ్గానే కుట్టినా. నువ్వే లావైనావు. ఇంకొక సంగతి. నాకు వంకాయ పడదు. ఎవురూ వడ్డించొద్దండి. అంతే. అస్సలాము అలైకుం."

ఇమాము సాహెబు మైకు స్విచ్చి ఆపాడు. తర్వాత, "మొన్న మా ఇంట్లో వంకాయే కదా తినింది" అన్నాడు.

రెబెక్కమ్మ చేతులకు తొడుగులు వేసుకుని, యూరియా గోతం పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. ప్రతి ఒక్కరి చేతా నోరు తెరిపించి చూసింది. పోలేరయ్య గిన్నె అప్పుడే మరగబోతోంది. ఎవరూ ఒక చుక్క కూడా తాగలేదు. అందరి దగ్గరా పూలూ ఆకులూ గోతంలో వేయించి, ఊరి బయట లోతుగా గుంత తీయించి పూడ్పించింది. గిన్నెలు కూడా పూడ్చాలంటే మాత్రం ఆడవాళ్లు ఒప్పుకోలేదు. సబ్బుతో, ఇసుకతో, మళ్లీ సబ్బుతో తోమించి వదిలిపెట్టింది.

ప్రాణగండం తప్పిందని తెలిశాక ఖాజాకు రెండో గండం గుర్తొచ్చింది. తాను మైకులో ఏమన్నాడో ఒక్కొక్క ముక్కా చెవుల్లో మోగింది. ఇంట్లోకొచ్చి మంచం మీద ముసుగుపెట్టి పడుకున్నాడు. తడ కంపెనీ ఒక్కసారిగా చాలా మంచి చోటులా కనపడింది. అక్కడ తననెవరూ ఎరగరు.

"లే. రంగన్న వస్తున్నాడు. కామాక్షమ్మ అక్క కూడా ఉంది" అంది నూర్జాన్.

వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. రంగనాయకులు లోపలికొచ్చి, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కామాక్షమ్మ గుమ్మం దగ్గరే ఆగింది. ఖాజా ముసుగు తీసి లేచి కూర్చున్నాడు గానీ తల ఎత్తలేదు.

"భాయ్, నిజం చెప్పు. నేను పూలు కోసేది నీకు ఇష్టం లేదా?"

"లేదు నా."

"మనసులో మాటేనా?"

"మనసులో మాటే నా. నన్ను క్షమించు."

రంగనాయకులు కుర్చీలో వెనక్కి వాలి, పెద్దగా ఊపిరి వదిలాడు. ఏదో కొండ దిగినట్టు అతని ముఖం తేటపడింది. "బతికించినావు భాయ్" అన్నాడు.

ఖాజా తల ఎత్తాడు.

"ఆ మొదటి పొద్దు నేను దోటి ఎత్తింది మీ పూల కోసం కాదు. మా నందివర్ధనం కొమ్మ మీ పక్కకు వాలిందే, దానికోసం. నువ్వొచ్చి, మా పూలు మీ దేవుడి కాడికి పోతే సంతోషమంటివి. నాభి పూలు మా ఇంట్లో దేవుడికి పెట్టం భాయ్. మా నాయన కాలంలో ఈ గడ్డ తిని పాడిఆవు పోయింది. కానీ నువ్వంత ప్రేమగా ఇస్తుంటే, వద్దంటే సాయిబుల ఇంటి పూలని వద్దన్నాడనుకుంటావు. సరే, రెండు కోసినా. రెండేనా అంటివి. అన్నీ కోసుకోమంటివి."

"మరి ఆ పూలన్నీ ఏం చేసినావు నా?"

"ఏం చేస్తాం? రోజూ పెరట్లో గుంత తీసి పూడ్చినా. ఆ చేతులు కడుక్కుని, మళ్లీ తలస్నానం చేసి, అప్పుడు నందివర్ధనాలు కోసి పూజ. ఈ చలిలో రోజుకు రెండు స్నానాలు. నడుం పడిపోయింది."

"నిన్న అందరూ తీర్థం తీర్థం అని మీద పడితే చెప్పొచ్చు కదా నా, దేవుడికి పెట్టలేదని."

"నువ్వు గడపలో నిలబడి ఉండావే" అన్నాడు రంగనాయకులు. "నీ ఎదురుగా ఎట్ట చెప్పేది?"

కామాక్షమ్మకు ముందు నవ్వొచ్చింది. తర్వాత నూర్జాన్‌కు. ఆడవాళ్లిద్దరూ గుమ్మం పట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. ఖాజా మాత్రం నవ్వలేకపోయాడు. పక్క మనిషి తన కోసం నెలంతా చలిలో రెండేసి స్నానాలు చేశాడు మరి. రంగనాయకులు చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని అలాగే కూర్చున్నాడు. వీధిలో జనం కొట్లాట లేదని తేలాక నిరాశగా లోపలికి పోయారు.

ఆ సమయానికి సెల్వరాజు కారు వచ్చి ఆగింది.

అతడు పెరట్లోకి వచ్చి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. బోడి తీగలు, తుంచిన తొడిమలు, అక్కడక్కడా పండుబారిన ఆకులు. కాయ ఒక్కటి లేదు. ఖాజా పొద్దున మైకు దగ్గర మొదలైన ధైర్యంలో మిగిలినది కూడదీసుకుని, జరిగినది జరిగినట్టు చెప్పాడు. అన్నం పెట్టే పంట తన నోటితోనే పోగొట్టుకున్నానని కూడా చెప్పాడు. నూర్జాన్ చాయ్ పళ్లెం పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ నిలబడింది.

సెల్వరాజు మొదటి వరుసలో ఒక తీగ మొదట్లో గొంతుకూర్చుని ఇసుక తవ్వాడు. జాగ్రత్తగా, కొస విరగకుండా గడ్డను పైకి తీశాడు. నాగలి కొయ్యలా రెండు పాయలుగా, ఒక్కొక్క పాయా మునక్కాయంత లావున, తెల్లగా నిగనిగలాడుతూ ఉంది. ఖాజా నాటినవి చూపుడువేలంత గడ్డలు. సెల్వరాజు ఇంకో తీగ దగ్గర తవ్వాడు. అదీ అంతే. మూడోది ఇంకా పెద్దది.

"పూలు ఎన్నాళ్లుగా కోసినారు?" అని అడిగాడు.

"నెలంతా సార్. రోజూ. ఈ అన్నే కోసినాడు" అని ఖాజా భయంగా రంగనాయకులును చూపించాడు.

"అయ్యా, మీకు దండం" అన్నాడు సెల్వరాజు, నిజంగానే చేతులు జోడించి. "పువ్వు కాయైతే తీగ బలమంతా కాయకే పోతాది. పువ్వు తుంచేస్తే బలం కిందికి దిగతాది. చూడండి గడ్డ ఎట్ట ఊరిందో. గింజ నాకు ఇంకోచోట దొరుకుతాది. గింజ మొలిచి పూసేదానికి ఏళ్లు కావాల. రైతు అడిగేది గడ్డ. ఈ ఏడు మా పక్క వానలకు విత్తనపు గడ్డంతా కుళ్లిపోయింది, నేను ఊరూరూ తిరగతా ఉండాను." ఇసుక దులుపుకుని లేచాడు. "ఖాజా భాయ్, మీరు గింజ మాట మరిచిపోండి. నాకు గడ్డలు పెంచి ఇవ్వండి. ప్రతి ఏడూ. ఈ పక్క రైతులకు కూడా మీరే నేర్పాల. తీగ ఎండినాక తవ్వుదాం. వచ్చే ఏడు పూలు ఇదే మాదిరి రోజూ తుంచేయాల."

నూర్జాన్ పళ్లెం తిన్నె మీద పెట్టి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. తడ పోనక్కరలేదు. ఈ ఇంట్లో రెండు గ్లాసుల చాయే కాగుతుంది. ఖాజా ఆమె వైపు చూసి, ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తేల్చుకోలేక, తానూ అదే పని చేశాడు.

అందరి కళ్లూ రంగనాయకులు మీదికి తిరిగాయి. అతడు గొంతు సవరించుకున్నాడు. "నేను మాత్రం కోయను. చెప్పేసినా" అన్నాడు. చెప్పేసి, తన నోటినుంచి వచ్చిన మాటేనా అని కామాక్షమ్మ వైపు చూశాడు. ఆమె సంతోషంగా తల ఊపింది.

తిన్నె మీద అందరూ కూర్చున్నారు. చాయ్ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి, ఎవరో సౌదీ నుంచి తెచ్చిన ఖర్జూరాలు వచ్చాయి. సెల్వరాజు గ్లాసు కింద పెట్టి అసలు సంగతిలోకి దిగాడు.

"చెప్పండి భాయ్. గడ్డకు ఏం రేటు అనుకుంటా ఉండారు?"

ఖాజా చేతులు నలుపుకున్నాడు. ముఖం మీదికి పాత నవ్వు వచ్చింది. "మీకు తెలీనిదేముంది సార్? మీరు ఎంత ఇచ్చినా..." అని మొదలుపెట్టాడు.

నూర్జాన్ పళ్లెంలోంచి ఖర్జూరం తీసి అతని నోట్లో పెట్టి, తాను ముందుకు జరిగి కూర్చుంది. గింజ తీయని ఖర్జూరం కావడంతో, బేరం ముగిసేదాకా అది ఒక్కటే సరిపోయింది.